సాంచాల నడుమ జపాన్ సదువు

ఆ దినాలల్ల మా రాయికల్ దిక్కు పాస్‌పోర్టు అంటె మొగోల్ల వస్తువు. బీరువల, పట్టా కాయిదాల మీద, రుమాల్ల చుట్టి ఉండేది. అది ఉన్నదంటె ఆ ఇంటాయన దుబాయ్‌కెల్లి అచ్చినట్టు, లేకపోతె పోతందుకు తయారైనట్టు లెక్క. ఆడిపిల్ల పేరు మీద పాస్‌పోర్టు వచ్చుడు మా వాడకు కొత్త. అందుకే నాది అచ్చిననాడు పోస్టుమ్యాన్ కవరు చేతుల పట్టుకొని మా అవ్వను "మీ ఇంటాయనదేనా, మల్ల సూడు" అని మూడుసార్లు అడిగిండు. ఇప్పుడంటె నేను జపాన్‌ల ముసలోల్లను చూసుకునే ఒక ఇంట్ల నౌకరి చేసుకుంట, సెలవు నాడు కాళ్ళు జాపుకొని గిట్ల పాత ముచ్చట్లు రాసుకుంటున్న గని, నాలుగేండ్ల కింద నాకు జపాన్ మ్యాపుల ఎటు దిక్కున్నదో సుత సక్కగ తెల్వది. తెల్వనప్పుడు ఉండే ధైర్యం మల్ల రాదు. ఈ కథంత ఆ ధైర్యం మీదనే నడిచింది.

జగిత్యాలల ఒక ప్రైవేటు దావఖానల నర్సుగ చేస్తుంటి. ఒకనాడు ఫోన్ల ప్రకటన కనవడ్డది, జపాన్‌ల ముసలోల్లను చూసుకునేటందుకు నర్సింగ్ చదివినోల్లు కావాలె అని. దరఖాస్తు పెట్టిన. ఎవ్వరికి చెప్పలే (చెప్తె అయ్యే పని కాదని నాకు తెలుసు). నెల దినాలకు హైదరాబాద్‌కెల్లి ఒక మేడం ఫోన్ చేసి, "మీ సర్టిఫికెట్లు బాగున్నాయి. ఆరు నెలల్లో జపాన్ వాళ్ళు వచ్చి ఇంటర్వ్యూ చేస్తారు. జపనీస్‌లోనే మాట్లాడాలి. మేం భాష నేర్పే హాస్టల్ బ్యాచ్ నిండిపోయింది, మీరు అక్కడే ఎవరి దగ్గరైనా నేర్చుకొని రండి" అన్నది. ఆ 'అక్కడే' అన్నమాట ఎంత అల్కగ అన్నదో! ఆమె లెక్కల జగిత్యాలల వాడకొక జపాన్ పంతులు ఉంటడు కావచ్చు.

ముందుగాల్ల బాపుకే చెప్పిన. బాపుది మస్కట్‌ల సెంట్రింగ్ పని, పద్దెనిమిదేండ్లాయె. రెండేండ్లకోసారి అచ్చి, నలభై దినాలుండి, మేము ఆయనకు అలవాటయ్యే యాల్లకు మల్ల పోయేటోడు. ఆ ఏడు ఆయనకు నడుము పట్టుకున్నది. అవ్వకు చెప్పకని నాకొక్కదానికే చెప్పిండు, నర్సును గదా, గోలీల పేర్లు చెప్తనని. జపాన్ సంగతి చెప్పంగనే, "బిడ్డా, నీకు గన గా నౌకరి అస్తె, నేనిగ ఇంటికస్త" అన్నడు. అంతే అన్నడు. నేను నవ్వుకుంట "అస్తది తియ్యి బాపూ" అన్న గని, ఫోన్ పెట్టినంక నాకు బుగులు వట్టుకున్నది. అప్పటిదాక అది నా నౌకరి ముచ్చట. గా ఒక్క మాటతోని అది బాపు ఇంటికి రావాల్నా వద్దా అన్న ముచ్చట అయ్యింది. నాకు జపనీసు రాకపోతె బాపు రాడు. నర్సింగ్ చదివిన మూడేండ్లల్ల గంత పెద్ద పరీక్ష నాకెవ్వరు పెట్టలే.

అవ్వకు చెప్తె, బీడీల చాట ఒళ్ళె పెట్టుకొని, తల ఎత్తకుంటనే, "మీ బాపు మస్కట్ పోయినప్పుడు ఆయనకు అరబ్బీ ఎవడు నేర్పిండే? పోతె అదే అస్తది" అన్నది. అవ్వ ఒక్కతే కాదు, మా వాడంత గదే మాట. మా దిక్కు ఇంటికొకలు గల్ఫ్ పోయొచ్చినోల్లే. ఆల్ల లెక్కల భాష అన్నది కంపెనోడిచ్చే బూట్లు, టోపీ అసొంటిది, అక్కడ దిగినంక ఇస్తడు, ఏసుకోవాలె. ఒక పెదబాపు అయితె నన్ను ఇంటికాడ కూసోబెట్టి, "పోయినంక పది దినాలు మూగదాని లెక్క ఉండు, పదకొండో నాటికి నోరస్తది" అని ధైర్యం చెప్పిండు. "ఇంటర్వ్యూల మూగదాని లెక్క ఉంటె తీసుకోరు పెదబాపూ" అంటె, "గంత తొందర ఎందుకు ఆల్లకు?" అని జపానోల్ల మీదనే కోపానికచ్చిండు. ఇగ వీల్లతోని కాదని పంతులును ఎతుకుడు షురూ చేసిన.

జగిత్యాల టవర్ కాడ ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సారు ఉండెటోడు. బోర్డు మీద ఇంగ్లిష్, హిందీ, పర్సనాలిటీ, ఇంటర్వ్యూ అన్ని రాయించినంక అడుగున జాగ మిగిలిందట, అందుల 'మరియు విదేశీ భాషలు' అని రాయించిండు. నేను గా అడుగు లైను పట్టుకొని మెట్లెక్కిన. "జపనీసా? ఎందుకు రాదమ్మా! భాషలన్నీ ఒకటే, ధైర్యం ముఖ్యం" అన్నడు సారు, టై సవరించుకుంట. మొదటి మూడు దినాలు ధైర్యం మీదనే క్లాసు నడిచింది. నాలుగో నాడు బోర్డు మీద అక్షరాలు ఏసుడు మొదలుపెట్టిండు. ఒక అక్షరం ఏసుడు, టేబుల్ కిందికి వంగి దగ్గుడు, మల్ల లేచి ఇంకో అక్షరం ఏసుడు. పాపం సారుకు దగ్గు బాగున్నదని నేను దావఖానకెల్లి సిరపు సుత తీసుకపోయి ఇచ్చిన. (టేబుల్ కింద ఫోనున్నదని నాకు చానా ఆలస్యంగ తెలిసింది.) అక్షరాలు మాత్రం నాకు మస్తు నచ్చినై, నడుమ నడుమ సున్నలు, గీతలు, చూస్తె మన తెలుగు చుట్టపోల్లనే అనిపించినై. పన్నెండు దినాలల్ల ఒక నోట్‌బుక్ నింపిన. బస్సుల, అన్నం తినుకుంట, పేషెంటుకు సెలైన్ ఎక్కుతుంటె పక్కన కూసోని, యాడ చూసినా అవే రాసుకుంట తిరిగిన.

దావఖానల నాతోని చేసే నర్సు ఒకామెకు కొరియా సీరియళ్ళ పిచ్చి. ఒకనాడు నా నోట్‌బుక్ తిప్పి చూసి, "అరె, నువ్వు సుత కొరియన్ నేర్చుకుంటున్నవా? నాకెందుకు చెప్పలే?" అని సంబురపడ్డది. నేను "గిది జపనీసు" అన్న. ఆమె నా మొఖం దిక్కు జాలిగ చూసి, ఫోన్ల ఒక సీరియల్ పెట్టి, పేర్లు పడుతుంటె ఆపి చూపెట్టింది. నా సున్నలు, నా గీతలు, అన్ని అండ్లనే ఉన్నయి. గా దినం డ్యూటీ దిగంగనే టవర్ కాడికి ఉరికిన. సారు కొద్దిగ సుత తడబడలే. "పక్కపక్క దేశాలే గదమ్మా! మన కోరుట్లకు మెట్‌పల్లికి ఎంత దూరమో గంతే" అన్నడు. కోపం రావాలె, గని నాకు ఏడుపొచ్చింది. ఆరు నెలలల్ల నెల పోయింది. బస్టాండుల కూసోని, బాపు ఫోన్ చేస్తె, "ఎంతవరకచ్చింది బిడ్డా?" అని అడిగితె, "అక్షరాలు అయిపోయినై బాపూ" అని చెప్పిన. అబద్ధమైతె కాదు. అయిపోయినై, ఏ దేశానియో చెప్పలే గంతే.

మా అవ్వ నన్ను ఏమనలే. మరునాడు బీడీ కార్ఖానకు లెక్క అప్పజెప్పవోయినప్పుడు, అక్కడ వరుసల కూసున్న ఆడోల్లందరిని అడిగిందట, "మీ ఊర్లల్ల జపానోల్ల తాన పనిచేసినోడు ఎవడన్న ఉన్నడా?" అని. జగిత్యాల జిల్లాల ఏ సమాచారమైన సాయంత్రం కల్ల తెలుసుకోవాలంటె బీడీ కార్ఖానను మించింది లేదు. పొద్దుమీకే యాల్లకు కోరుట్లల ఒకాయన దొరికిండు. ఖతర్‌ల జపానోల్ల కంపెనీల తొమ్మిదేండ్లు క్రేను కాడ పనిచేసి అచ్చిండట. ఆయనను అందరు 'జపాన్ మామ' అనే పిలుస్తరట. నాకు పానం లేచొచ్చింది.

జపాన్ మామ నిజంగనే మర్యాదస్తుడు. నేను గేటు తీయంగనే నడుము దాక వంగి దండం పెట్టిండు. నేను వంగిన. ఆయన మల్ల వంగిండు. నేను మల్ల వంగిన. లోపలికెల్లి ఆయన ఇంటామె, "ఇగ సాలు లోపటికి రాండ్రి, సాయ సల్లారుతంది" అని కేకేసేదాక గిట్లనే నడిచింది. ఆదివారం ఆదివారం పోయేదాన్ని. మామ నన్ను వాకిట్ల నిలబెట్టి, తలకు క్రేను కాడి పాత టోపీ పెట్టుకొని, గొంతు చించుకొని నేర్పేటోడు. హయాకు అంటె జల్ది. దామె అంటె గట్ల చెయ్యకు. అబునాయ్ అంటె పైలం. నాలుగు ఆదివారాలైనంక నేను ఎవరినైన ఉరికియ్యగలుగుత, ఆపగలుగుత, క్రేను కిందికెల్లి జరపగలుగుత. "మామా, ఆరోగ్యం బాగున్నదా అని ఎట్ల అడగాలె?" అంటె మామ టోపీ తీసి నెత్తి గోక్కున్నడు. "తొమ్మిదేండ్లల్ల నన్ను ఎవ్వడు గా మాట అడగలే బిడ్డా" అన్నడు. ఆయన మంచోడు, ఉన్నదంత ఇచ్చిండు. ఉన్నదే గంత.

అప్పుడు మాట్లాడింది మామ ఇంటామె. ఆమె సిరిసిల్లల లంగాల గుడ్డ తెచ్చి కోరుట్లల అమ్ముతది. "నిరుడు మూటలు ఎత్తుకొస్తందుకు ఈయనను సిరిసిల్ల తోల్కపోయిన. ఒక మగ్గాల ఇంట్ల కాలికి మూట తట్టుకొని పడ్డడు. పడి, జపాన్ భాషల తిట్లు అందుకున్నడు. ఈయన తిడితె ఎవలకు అర్థమైతది? ఎవ్వరు పట్టించుకోరు. గని గా ఇంటి కోడలు మూతికి కొంగడ్డం పెట్టుకొని నవ్వింది సూడు! నాకప్పుడే అనుమానమొచ్చింది" అన్నది. మామ గాబరాపడి, "గా తిట్లు ఆమెకు అర్థమైనయా?" అని చెవులు పట్టుకున్నడు. నేనైతె అప్పటికే చెప్పులేసుకున్న.

జగిత్యాలకెల్లి సిరిసిల్ల దగ్గరేం కాదు. వేములాడ మీదికెల్లి బస్సుల పోతె ఒళ్ళంత కదిలిపోతది, నాకైతె రోడ్డు కనవడలే. బస్సు దిగి, మామ ఇంటామె చెప్పిన గల్లీల పోతుంటె ఇంటింటికి కరెంటు మగ్గాల సప్పుడు. సాంచాలు అంటరు ఆడ. ఒక్క ఇంట్ల ఆగితె ఇంకో ఇంట్ల మోగుతుంటై, గల్లీ మొత్తం టకటకటక ఒక్కటే దరువు. నేను ఎతికిన ఇంట్ల ఎనిమిది సాంచాలు నడుస్తున్నయి. గద్దె మీద కూసున్న ఆ ఇంటి అత్తమ్మ దగ్గరికి పోయి, మీ కోడలికి జపనీసు అస్తదట గదా అని అడిగిన. "ఎవరు?" అన్నది. మల్ల అడిగిన. "జపానా? మా కోడలా?" అని ఆమె నవ్విన నవ్వుకు సాంచా మీదున్నోల్లు సుత తిరిగి చూసిండ్రు. "దానికి చారుల ఉప్పెంతెయ్యాల్నో తెల్వది. జపాన్ యాడికెల్లి అస్తది బిడ్డా? ఎవరో నిన్ను ఆగంజేసిండ్రు, నీళ్ళు తాగి పో" అన్నది.

కోడలు మూలకు కూసోని కండెలు చుడుతున్నది, సాంచాకు పెట్టే చిన్న చిన్న నూలు కడ్డీలన్నట్టు. నేను పోతపోత ఆఖరి ఆశతోని, కోరుట్ల వాకిట్ల నేర్చుకున్న మాట ఒకటి ఆమె దిక్కు మొత్తుకున్న, "హయాకు!" అని. జల్ది జల్ది అని ఒక పెద్దింటి కోడలిని, మొదటిసారి చూసినప్పుడు, వాల్ల అత్త ముంగట! ఆమె చెయ్యి ఆగిపోయింది. లేచి నిలబడి, నా దిక్కు చూసుకుంట, జపనీసుల జలజల మాట్లాడింది. రెండు నిమిషాలు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలే, గని గంత అందంగ ఉంటదని నాకు అప్పటిదాక తెల్వది. మామ నోట్లె అది క్రేను కాడి భాష, ఈమె నోట్లె అది మనుషుల భాష. అత్తమ్మ నోరు తెరిచింది తెరిచినట్టె ఉన్నది. "ఆరేండ్ల సంది నా ఇంట్ల ఉన్నవు గదనే! ఒక్కనాడన్న చెప్పకపోతివి!" అన్నది. అక్క (అప్పటికెల్లి నేను అక్క అనే పిలిచిన) కొంగు సవరించుకొని, "బెంగుళూరుల నాలుగేండ్లు నేను చేసింది జపానోల్లతోని మాట్లాడే నౌకరే అత్తమ్మా. పెండ్లిచూపులల్ల వంటొచ్చా, కుట్టొచ్చా అని అడిగిండ్రు. జపనీసు వచ్చా అని ఎవ్వరు అడగలే" అన్నది. తప్పు పట్టినట్టు సుత అనలే, ఉన్న మాట అన్నది. అత్తమ్మ ఒక్కసారి కోడలి మొఖం చూసి, నాదిక్కు తిరిగి, "నేర్పుతది. గని ఒక్కటి, సాంచాలు బంద్ గావు, కండెలు ఆగవు" అని ఖరారు చేసింది.

అట్ల మొదలైంది నా సదువు. వారానికి మూడు దినాలు, డ్యూటీ మార్పించుకొని పోయేదాన్ని. ఫీజు అంటె అక్క వద్దని దండం పెట్టింది. అత్తమ్మ మాత్రం ఉత్తగ కూసోనియ్యలే, నా చేతుల సుత కండెలు పెట్టింది. ఇద్దరం ఎదురుబొదురు కూసోని కండెలు చుట్టుకుంట, ఎనిమిది సాంచాల సప్పుడు మీదికెల్లి ఒకలకొకలం మొత్తుకునేది. అక్క "నొప్పి యాడున్నది?" అని జపనీసుల మొత్తుకుంటది. నేను "మోకాలుల!" అని మొత్తుకుంట. "తాతా, నీళ్ళు తాగుతవా?" "కొద్దిగ మెల్లగ లెవ్వు!" అన్ని కేకలే. కింద కూసోని రాసుడు, చదువుడు కూడ అక్క గట్టిగనే చేయించింది. తప్పు చదివితె కండెతోని నెత్తి మీద ఒక్కటేసేది. ఐదారు వారాలకు అత్తమ్మకు సుత మాటలు పట్టుబడ్డయి. నేను గడప దాటంగనే "ఒహాయో!" అని గద్దె మీదికెల్లి అరిచేది, అది పొద్దుగాల పెట్టే దండం, ఆమెకు పొద్దుమాపు తేడా లేకుండె. అక్క మొఖం మాత్రం రోజురోజుకు మారుతంటె నాకే తెలిసింది. ఆరేండ్ల కింద మూటగట్టి అటక మీద పెట్టిన వస్తువును మల్ల దించి దులుపుకుంటున్నట్టు ఉండేది.

ఒకనాడు కరెంటు పోయి సాంచాలన్ని ఒక్కసారి ఆగినై. మేము పాఠం నడుమ ఉన్నం, ఆపలే. కొద్దిసేపటికి వాకిట్ల ఐదారుగురు ఆడోల్లు జమైండ్రు. ఒకామె లోపలికి తొంగి చూసి, "ఏందక్కా, అత్తాకోడండ్లు కొట్లాడుకుంటుండ్రా? నడుమ గీ పిల్లెవరు?" అని అడిగింది. "కొట్లాట కాదు, జపాన్" అన్నది అత్తమ్మ, గొప్పగ. అక్కకు నాకు నవ్వాగలే. గని ఇద్దరికీ అసలు సంగతి బుర్రకెక్కలే. నాకు జపనీసు ఒక్క కేకలనే వచ్చునని, మెల్లగ మాట్లాడుడు నేను నేర్వనే లేదని, మాకు గప్పుడన్న తెలిసొస్తె బాగుండు. తెలిసొచ్చింది హైదరాబాద్‌ల, ఇంటర్వ్యూ గదిల.

పొద్దున రాత పరీక్ష మంచిగనే రాసిన. ఇంటర్వ్యూకు బయట కుర్చీలల్ల హాస్టల్ బ్యాచ్ పిల్లలు కూసున్నరు, అందరు ఒక్క రంగు కోట్లేసుకొని, జుట్టు గట్టిగ దువ్వుకొని. ఒకలతోని ఒకలు జపనీసుల మాట్లాడుకుంటున్నరు, చెవిల గుసగుసలు చెప్పుకుంటున్నంత మెత్తగ. నాది మా అవ్వ ఇస్త్రీ చేసిన కాటన్ చీర. అప్పుడే బాపు నా ఫోనుకు ఒక మెసేజి పెట్టిండు, అచ్చరాలన్ని కలిపి, "బిడ్డనువ్వుబయపడకు" అని. అది చూసినంక భయం ఇంకింత ఎక్కువైంది. నా పేరు పిలిచిండ్రు.

లోపట జపానోల్లు ముగ్గురున్నరు. ఒక మేడం, ఒక సారు, నడుమ తెల్ల ఎంటికల తాత ఒకాయన. తాత కండ్లు సగం మూసుకొని, ఇంక ఎందరున్నరో అన్నట్టు కూసున్నడు. నేను జపాన్ మామ నేర్పినట్టు నడుము దాక వంగి, లేచి, నమస్కారం చెప్పిన. ఎనిమిది సాంచాల సప్పుడును దాటిపోయే గొంతుతోని చెప్పిన. బల్ల మీద గ్లాసుల నీళ్ళు కదిలినై. మేడం చేతిలకెల్లి పెన్ను పడ్డది. మూలకు నిలబడ్డ హైదరాబాద్ మేడం కండ్లు మూసుకున్నది. నాకు చెవుల దాక ఎర్రబడ్డది. గొంతు తగ్గించి మాట్లాడదామని చూసిన. ఒక్క మాట వస్తె ఒట్టు! గొంతు తగ్గిస్తె మాటలు సుత దాంతోనే పోతున్నయి. అన్ని సాంచాల సప్పుడుల నేర్చిన మాటలాయె, గా ఎత్తుకు లేస్తెనే బయటికొస్తయి. ఇగ అయిపోయిందనుకున్న. బాపు నడుము, బాపు గోలీలు, మల్ల రెండేండ్లు, అన్ని ఒక్కసారి కండ్ల ముంగట తిరిగినై. అప్పుడు సారు నడుమ కూసున్న తాతను చూపెట్టుకుంట నాకు ఒక కాయిదం ఇచ్చిండు. అండ్ల రాసింది, ఈ తాత పొద్దటి సంది అన్నం తింటలేడు, ఎవ్వరితోని మాట్లాడుతలేడు, మీరు ఏం చేస్తరు అని.

పోయేది ఎట్లాగు పోయింది, ఇగ మెల్లగ ఎందుకని, తాత కుర్చీ కాడ మోకాళ్ళ మీద కూసోని, సిరిసిల్ల గొంతు మొత్తం తీసి అడిగిన. "తాతా! అన్నం ఎందుకు తింటలేవు? యాడన్న నొప్పున్నదా?" తాత కండ్లు తెరిచిండు. నా దిక్కు వంగిండు. "ఏమన్నవు?" అన్నడు. ఇంకా గట్టిగ అడిగిన. తాత మొఖం మీదికి నవ్వు మెల్లగ ఎక్కింది. "కూర బాగలేదు" అన్నడు. "ఏం కూర కావాలె?" అన్న. చేపలన్నడు. "నేను వండుత, లెవ్వు తాతా, ముందుగాల్ల కొన్ని నీళ్ళు తాగు!" అన్న. ఆయన నిజంగనే గ్లాసు ఎత్తుకొని తాగిండు. పక్కన మేడం సారుతోని జపనీసుల మెల్లగ ఒక మాట అన్నది, ఆ మాట నాకు అర్థమైంది, అర్థమైందని తెలుసుకొని ఒళ్ళు జలదరించింది. "పొద్దటి సంది పెద్దాయన ఇప్పుడే మొదటిసారి జవాబిచ్చిండు" అన్నది ఆమె. తాతే మాకు నౌకరిచ్చే ముసలోల్ల ఇంటిని పెట్టినాయన. చెవులు వినరావు, మిషన్ పెట్టుకొమ్మంటె ఆయనకు ఒళ్ళు మంట. నాకు ముంగట పోయిన పిల్లలందరు మెత్తగ, అందంగ, తప్పు లేకుంట మాట్లాడిండ్రు, గని పాపం ఆయనకు ఒక్క మాట చెవిన పడలే. "ఎక్కడ నేర్చుకున్నవు?" అని అడిగిండు. "సిరిసిల్లల, బట్ట నేసే మిషన్ల నడుమ" అన్న. మిషన్లు ఎట్ల మోగుతయని అడిగిండు. టకటకటక అని బల్ల మీద దరువేసి చూపెట్టిన. తాత సుత నాతోని దరువేసిండు. "మా తాన సగం మందికి వినరాదు. ఈ పిల్ల వస్తె అందరికి వినవడ్తది" అన్నడు, ఆయన సుత గట్టిగనే.

సాయంత్రం పేర్లు చదివిండ్రు. నా పేరున్నది. ఉన్నదని మల్ల మల్ల చూసుకొని, ముందుగాల్ల సిరిసిల్లకు ఫోన్ చేసిన. అత్తమ్మ ఎత్తింది. "ఏందీ? వినవస్తలేదు!" "పాసైన అత్తమ్మా!" "ఆఁ? ఏమైందీ?" "పాసైన!" తర్వాత "బంద్ పెట్టుండ్రిరా! సాంచాలన్ని బంద్ పెట్టుండ్రి!" అని కేక వినవడ్డది. ఒకదాని తర్వాత ఒకటి ఎనిమిది ఆగినై. కరెంటుండంగ గా ఇంట్ల సాంచాలు ఆగుడు అదే మొదటిసారని అక్క తర్వాత చెప్పింది. ఆ నిశ్శబ్దంల అక్క ఫోన్ తీసుకొని "హలో" అన్నది, మెల్లగ. అక్క మెల్లగ మాట్లాడంగ నేను ఎన్నడు వినలే. ఇద్దరం మాట్లాడుకున్నది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. (వారం దినాలల్ల జగిత్యాల టవర్ కాడ సారు నా ఫోటోతోని ఫ్లెక్సీ కట్టించిండు, 'మా విద్యార్థిని జపాన్‌కు' అని. నేనేమనలే. మూడు దినాలు ధైర్యం నేర్పింది సారే గదా.) ఇప్పుడు గా సాంచాల ఇంటి పైన అక్క పద్నాలుగు మంది ఆడిపిల్లలకు జపనీసు చెప్తది. అత్తమ్మ హాజరు పట్టి రాస్తది, ఆలస్యమైతె గద్దె మీదికెల్లి తిడతది.

బాపు మాట తప్పలే. నేను పోతందుకు ఇంక నెలున్నదనంగ మస్కట్‌కెల్లి అన్ని సదురుకొని అచ్చిండు. నేను పోయేనాడు అవ్వ, బాపు, నేను షంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పోయినం. బాపు పద్దెనిమిదేండ్లు గా గేటు లోపలికి పోయినోడే గని, బయట నిలబడ్డోడు కాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాల్నో ఆయనకు తెలుస్తలేదు. రెండుసార్లు నా వెంటనే గేటు లోపలికి నడిచిండు, పోలీసాయన ఆపిండు. నేను ఏడ్వద్దని నవ్వుకుంట లోపలికి పోయిన. పోయినంక నాకు ఎటు పోవాల్నో తెల్వలే! జపనీసుల మాట్లాడి తాతకు నీళ్ళు తాగించి అచ్చినదాన్ని, మా హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల మూలకు నిలబడ్డ. బాపుకు ఫోన్ చేసిన. "అవ్వకు సుతరాం చెప్పకు గని బాపూ, ఎటు పోవాలె?"

"కుడి దిక్కు తిరుగు బిడ్డా. ముందుగాల్ల కౌంటరు. నీళ్ళ సీసల నీళ్ళు తాగేసెయ్యి, లోపటికి రానియ్యరు. ముద్ర కొట్టేకాడ ఎడమ చివర లైన్ల నిలబడు, గా దిక్కు జల్ది అయితది. కిందికి దిగినంక నల్ల ఉంటది, సీస మల్ల నింపుకో." అడుగు అడుగు చెప్పుకుంట నన్ను నడిపించిండు. బాపు గొంతుతోనే నేను గేటు దాక పోయిన. "ఇగ కుర్చీల కూసో. పిలిచినంక లేవాలె, ముందుగాల్లనే పోయి నిలబడితె ఏం లాభం లేదు" అన్నడు. నేను "నువ్వేం చేస్తున్నవు బాపూ?" అన్న. "నేనా? నేనిగ ఇంటికి పోతున్న బిడ్డా" అన్నడు.

విమానంల నా పక్కన ఒక పెద్దాయన, "ఎందుకమ్మా అట్ల ఏడుస్తున్నవు? దూరం పోతున్నందుకా?" అని అడిగిండు. "కాదంకుల్, మా బాపు ఇంటికి పోతుండు" అన్న. ఆయన ఏమనుకున్నడో పాపం, నాకు దండం పెట్టి, దుప్పటి తెచ్చిచ్చిండు. అప్పటి నేనున్న సూడు, ఆ పిల్ల దుప్పటి మొఖం మీదికి గుంజుకొని ఏడుస్తుందో నవ్వుతుందో తెల్వకుంట కూసున్నది. గామె ఇప్పటికీ నాకు యాదికొస్తది, ఎప్పుడు యాదికొచ్చినా నాకు నవ్వే అస్తది.